హంపికి పంపని మనం డాలస్‌కు పంపుతున్నాం

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కాసేపు నిలబడితే, శంషాబాద్ వైపు పోయే కార్లలో పిల్లల్ని చదువుకు సాగనంపే కుటుంబమేదో ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కరి ప్రయాణానికి మూడు కార్లు కదులుతాయి. సూట్‌కేసుల్ని ఇంట్లోనే రెండుసార్లు తూచి, 23 కిలోలు దాటకుండా ఆవకాయ సీసాను ఇందులోంచి అందులోకి మార్చి, ప్రెజర్ కుక్కర్లో కారప్పొడి పొట్లాలు కుక్కి మూత బిగించి ఉంటారు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పటి నుంచి ఈ వరస మన వీధుల మీదుగా సాగుతోంది. ఒకప్పుడు బార్కస్ నుంచి, బండ్లగూడ నుంచి జెడ్డాకో కువైట్‌కో వెళ్లినవాళ్లు పని కోసం వెళ్లారు. ఇప్పుడు వాళ్ల మనవలు, కంచన్‌బాగ్ ఉద్యోగుల పిల్లలు, ఉప్పుగూడ, ఛత్రినాక చిరువ్యాపారుల పిల్లలు ఎమ్మెస్‌కని వెళ్తున్నారు.

ఇంటర్, డిగ్రీ పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి వాళ్ల అమ్మానాన్నలు ఇప్పటికీ సలహాకు వస్తుంటారు. కొందరు "సార్, మావాడు ఎమ్మెస్ అంటున్నాడు, పంపమంటారా?" అని అడుగుతారు. కొందరు "సార్, మా అమ్మాయి సెలవుల్లో ఒక్కతే ఊళ్లు తిరిగొస్తానంటోంది, ఎట్లా చెప్పి మాన్పించాలి?" అంటారు. మొదటివారికి సందేహం ఉంది. రెండోవారు ముందే వద్దనుకున్నారు, కావలసింది మాన్పించే ఉపాయమే. అప్పుడప్పుడు ఒకే ఇంట్లోంచి, ఒకే నెలలో ఈ రెండు ప్రశ్నలూ వస్తాయి. రెండు రోజులు హంపికి ఒంటరిగా పంపడానికి గుండె ఒప్పని మనమే, రెండేళ్లు డాలస్‌కు ఒంటరిగా పంపడానికి ఇంటి కాగితాలు బ్యాంకులో పెడుతున్నాం.

ఇందులో మన ప్రేమకు లోటేమీ లేదు. విదేశీ చదువుకు ఒక పేరుంది, ఒక భవనముంది, ముద్ర పడిన కాగితాలున్నాయి. కాగితాలున్నచోట భద్రత ఉందని మనకు ధైర్యం. బంధువుల్లో చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఊళ్లు తిరగడానికి అలాంటి కాగితమేదీ లేదు. ఎవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే "తిరుగుతోంది" అని చెప్పడానికి నోరు రాదు. అందుకే ఒకటి బాధ్యతలా, ఇంకొకటి జులాయితనంలా కనిపిస్తుంది. అయితే హంపిలో వచ్చే కష్టాలే డాలస్‌లోనూ వస్తాయి. బస్సు తప్పిపోతుంది, కడుపు చెడుతుంది, ఫోన్ పోతుంది, ఎవరో మోసం చేస్తారు, సాయంత్రం ఒక్కసారిగా దిగులు కమ్ముకుంటుంది. హంపిలో అయితే పిల్ల ఫోన్ చేసిన రాత్రే మనం బస్సెక్కి తెల్లారేసరికి చేరుకోగలం. డాలస్‌కు అట్లా చేరుకోలేం. ఒంటరిగా ఉండటం మొదటిసారి ఎక్కడ నేర్చుకుంటే మంచిదో మీరే ఆలోచించండి.

మొన్నామధ్య బండ్లగూడ నుంచి ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. యూనివర్సిటీ పంపిన ఐ-20, బ్యాంకు శాంక్షన్ లెటరు, ఇంటి దస్తావేజు జిరాక్సు, భార్య నగలు కుదువపెట్టిన రసీదు ఒక్కొక్కటే తీసి బల్ల మీద సర్దుతూ ఆయన మాట్లాడుతున్నాడు. పిల్లవాడు ఫైలుకున్న ఎలాస్టిక్ దారాన్ని చూపుడువేలికి చుట్టి, వేలికొస తెల్లబడేదాకా లాగి వదులుతున్నాడు. మళ్లీ చుడుతున్నాడు. నగల రసీదు బయటికొచ్చినప్పుడు ఆ చెయ్యి ఆగిపోయింది. తండ్రి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాక "నీకెట్లుంది నాయనా?" అని అడిగాను. "సార్, అక్కడ ఉద్యోగం రాకపోతే ఏమైతది?" అన్నాడు. ఇంట్లో అడగలేదా అంటే, "అడిగితే డాడీ టెన్షన్ పడ్తడు సార్" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఆ వయసు పిల్లల లోపలి ప్రపంచం చాలావరకు ఉంది. మనం వాళ్లను కాపాడుతున్నామని మనమనుకుంటాం. ఇరవై ఏళ్లొచ్చేసరికి వాళ్లు మనల్ని కాపాడటం మొదలుపెడతారు. మన బీపీ మాత్రలు, నాన్న రిటైర్మెంటు, అక్క పెళ్లి అప్పు, అన్నీ వాళ్ల లెక్కలో ఉంటాయి. అందుకే భయాన్ని దాచుకుంటారు. ఇక్కడ ఇంట్లో ఉన్నప్పుడే దాచగలిగినవాడికి, అంత దూరం పోయాక దాచడం ఎంత సేపు? మనం రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేస్తే డాలస్‌లో పొద్దున పదిన్నర అవుతుంది. వెనక శుభ్రంగా ఉన్న గోడ చూసుకుని కూర్చుంటాడు. "తిన్నవా?" అంటే "తిన్న" అంటాడు. "చదువు?" అంటే "మంచిగనే నడుస్తుంది" అంటాడు. మనం తృప్తిగా నిద్రపోతాం. చాలాసార్లు ఆ మాట నిజమే. నిజం కానప్పుడు మాత్రం, నగల రసీదు గుర్తున్న పిల్లవాడు ఆ సంగతి మనకు ఆఖరున చెబుతాడు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది మన దేశపు విద్యార్థులున్నారు. మిగతా అన్ని దేశాలకన్నా ఎక్కువ. వాళ్లలో ఎక్కువమంది కష్టపడి చదువుకుని, గిన్నెలు కడగడం, గది అద్దె పంచుకోవడం, చలికి తట్టుకోవడం నేర్చుకుని నిలబడుతున్నారు. ఎప్పుడూ చొక్కా ఇస్త్రీ చేసుకోని పిల్లవాడు ఏడాది తిరిగేసరికి నలుగురికి వంట చేసి పెడుతున్నాడని విని ఆనందించిన తల్లులు నాకు తెలుసు. మీ అబ్బాయి కూడా అట్లాగే నిలబడవచ్చు.

కానీ అప్పు లెక్క మాత్రం ఒకసారి కాగితం మీద వేసి, ఇంట్లో అందరూ కూర్చుని చూడాలి. 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 4,40,000 రూపాయలు. చదువుకునే కాలంలో వాయిదా కట్టక్కర్లేదని బ్యాంకువాళ్లు చెబుతారు, అది నిజమే. వడ్డీ మాత్రం ఆగదు. చదువు, ఆ తర్వాత ఇచ్చే కొద్ది నెలల గడువు పూర్తయ్యేసరికి బాకీ 50 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేల దాకా కట్టాలి. డాలర్లలో జీతం వస్తే ఇది పెద్ద భారం కాదు. రాకపోతే, ఇక్కడి జీతంతో ఎవరు కడతారు? ఈ ప్రశ్నకు ముందే ఇంట్లో సమాధానం ఉంటే పిల్లవాడు అక్కడ నిశ్చింతగా చదువుకుంటాడు.

నిబంధనలు కూడా మన లెక్క ప్రకారం నిలిచి ఉండవు. అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1 మీద తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్‌లోనే పనిచేయవచ్చు. "బయట పెట్రోలు బంకులో చేసుకోవచ్చు, అందరూ చేస్తున్నారు" అని ఎవరైనా చెబితే, దొరికిపోతే వీసా పోతుందన్న సంగతి కూడా వాళ్ల చేతే చెప్పించండి. అక్కడ ఉద్యోగానికి కావలసిన హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమును 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఒంటరి విద్యార్థి ఖర్చుల కోసం చూపించాల్సిన సొమ్మును కెనడా 2024 జనవరిలో 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. పిల్లవాడు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా మనం వేసుకున్న లెక్క, వాడు అక్కడ దిగేనాటికి చెల్లకపోవచ్చు. అది వాడి తప్పూ కాదు, మన తప్పూ కాదు. ఆ సంగతి ముందే అనుకుని ఉండాలి, అంతే.

ఇంకో కఠినమైన సంగతి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని అమెరికా అధికారులు మూసేశారు. అందులో చేరినవాళ్లలో చాలామంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు జీపీఎస్ పట్టీలు తగిలించిన వార్తలు చదివి మనమంతా కుమిలిపోయాం. ఎనిమిదేళ్ల తర్వాత, 2019 జనవరిలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అధికారులే పన్నిన వలలో మళ్లీ మనవాళ్లే చిక్కారు. క్లాసుకు పోకుండానే వీసా నిలుస్తుంది, చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అన్న ఆశ రెండుచోట్లా కనిపించింది. కన్సల్టెన్సీలో ఎవరైనా ఈ మాటంటే, లేదా లేని బ్యాంక్ బ్యాలెన్స్ ఉన్నట్టు చూపిస్తామంటే, కుర్చీలోంచి లేచి వచ్చేయండి. ఆ అబద్ధం కింద సంతకం పెట్టేది మన పిల్లవాడే. పట్టుబడిన రోజు కన్సల్టెన్సీవాళ్లు పక్కన నిలబడరు.

ఇంతకీ పిల్లవాడికి కావలసిందేమిటి? ఈ ప్రశ్న మనం అడగం. "యూఎస్సా, యూకేనా, జర్మనీనా?" అని మాత్రం అడుగుతాం. "ఎమ్మెస్‌కు పోత" అనే మాట వెనక ఒక్కొక్కరికి ఒక్కో కోరిక ఉంటుంది. ఒకడికి నిజంగానే ఆ సబ్జెక్టు మీద ప్రేమ, దాన్ని లోతుగా చెప్పేవాళ్లు కావాలి. ఒకడికి స్నేహితులంతా పోతున్నారు, తను ఒక్కడే గల్లీలో మిగిలిపోతానని బెంగ. ఒకడికి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఇక్కడ ఉద్యోగం రాలేదని నలుగురికీ తెలిసేలోపు ఊరు దాటాలి. ఒక అమ్మాయికి పెళ్లిచూపుల్లోంచి రెండేళ్లు ఊపిరి కావాలి. ఇంకొకరికి ప్రపంచం చూడాలని ఉంది, ఇంట్లో ఒప్పుకునే ఒకే ఒక్క టికెట్టు ఎమ్మెస్ కాబట్టి దాన్ని పట్టుకున్నారు. ఈ ఆఖరి రకం పిల్లలు మనం అనుకునేదానికంటే ఎక్కువ. రెండువారాల ప్రయాణంతో తీరే దాహానికి మనం 40 లక్షల బావి తవ్విస్తున్నాం.

మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒక కథ ఇక్కడ చెప్పాలి. అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేటు చేసి వచ్చి, ఇక్కడ నిజాం కళాశాలకు పునాది వేసినవారు. కూతురు గొప్ప గణిత శాస్త్రవేత్తో, విజ్ఞాన శాస్త్రవేత్తో కావాలని ఆయన కోరిక. ఆమె మనసు కవిత్వం మీద ఉండేది. 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండ్ వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలో చదివింది. మధ్యలో ఇటలీ తిరిగింది. ఆరోగ్యం చెడి, డిగ్రీ లేకుండానే 1898లో తిరిగొచ్చింది. ఆమే సరోజినీ నాయుడు. ఈ రోజు మన ఇంటి పిల్ల మూడేళ్లు విదేశంలో ఉండి డిగ్రీ లేకుండా వస్తే మన గుమ్మంలో ఎలాంటి మౌనం ఎదురవుతుందో ఊహించండి. ఆమెకు ఆ మూడేళ్లలో దొరికింది డిగ్రీ కాగితం మీద పట్టేది కాదు. అందరి పిల్లలూ సరోజినీ నాయుడు అవుతారని నేననడం లేదు. ఆ ఇల్లు ఆమెను మళ్లీ లోపలికి తీసుకుంది, ఆమె జీవితం అక్కడినుంచే మొదలైంది. నాంపల్లిలో ఆ ఇల్లు, గోల్డెన్ థ్రెషోల్డ్, ఇప్పటికీ ఉంది. మీ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

ఇక ఊళ్లు తిరుగుతామనే పిల్లల సంగతి. వాళ్ల వైపు మాట్లాడుతున్నానని, వాళ్లకూ చెప్పాల్సింది చెప్పకుండా ఉండకూడదు. తిరగడం చదువుకు బదులు కాదు. నెల రోజులు రైళ్లలో తిరిగొచ్చినంత మాత్రాన ఇంటర్వ్యూలో ఎవరూ ఉద్యోగమివ్వరు. యూట్యూబులో కనిపించే యాత్రికుడి వెనక వీసా తిరస్కరణలున్నాయి, ఆస్పత్రి ఖర్చులున్నాయి, ఎవరూ చూడని ఒంటరి పూటలున్నాయి. రీల్ చూసి బయల్దేరే పిల్లలు మూడోరోజుకే అలిసిపోతారు. అలిసిపోతే పోనివ్వండి, తిరిగొస్తారు. మొదటి ప్రయాణానికి ఆ స్వేచ్ఛ ఉంది. అయితే సిద్ధపడి బయల్దేరినవాళ్లు ఎంత దూరం పోగలరో కూడా మన దగ్గరే చూశాం. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, గురుకుల పాఠశాల విద్యార్థినిగా, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ తోడుగా ఉన్నాడు. వ్యవసాయ కూలీలైన తల్లిదండ్రులు ఆ పిల్లను నేరుగా ఎవరెస్ట్‌కు పంపలేదు. ముందు శిక్షకులు భువనగిరి గుట్ట మీద తాడు పట్టించారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టు ఎక్కాక ఆ పిల్లకూ, పంపేవాళ్లకూ ధైర్యం పెరిగింది.

మన పిల్లలకు భువనగిరి గుట్ట ఏదని అడిగితే, నేను బీదర్ అంటాను. ఎంజీబీఎస్‌లో బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో దిగుతారు. మన పాతబస్తీ పిల్లలకు వచ్చిన దక్కనీ ఉర్దూ అక్కడ చెల్లుతుంది, పక్కన కన్నడ కొత్తగా చెవిన పడుతుంది. నానక్ ఝీరా గురుద్వారాలో ఏ మతంవాళ్లకైనా లంగరులో భోజనం పెడతారు. ఊరి మధ్యలో బహమనీల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ఉంది. 1472 నాటిది. ఆయన ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చినవాడు. దూరదేశాల పండితుల్ని ఈ దక్కనుకు రప్పించి, విద్యార్థులకు గదులు, పుస్తకాలు సమకూర్చాడు. అయిదున్నర శతాబ్దాల కింద పరదేశీ చదువంటే బీదర్‌కు రావడమూ అని తెలిస్తే పిల్లల మనసులో దూరం అనే మాటకు ఉన్న బెదురు కొంత తగ్గుతుంది. సగం కూలిన ఆ గోడల కింద మీ అబ్బాయి ఒక్కడే అరగంట కూర్చుని రానివ్వండి. బస్సు టికెట్టు తనే తీసుకోవాలి. గది తనే వెతుక్కోవాలి. ఇచ్చిన డబ్బులోనే రెండు రోజులు గడవాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మెసేజ్ పెడితే చాలు, మధ్యలో మనం ఫోన్ చేయకూడదు. ఈ ఆఖరి షరతు మనకే కష్టం. అది మన శిక్షణ.

ఆ తర్వాత ఇంకాస్త దూరం. హంపి, కాశీ, ఏదైనా. ఒంటరిగా వద్దనుకుంటే యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియావాళ్లు ఏటా హిమాలయాల్లో నడిపే ట్రెక్కింగ్ క్యాంపులున్నాయి. అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లతో గుడారం పంచుకోవాలి, తన పళ్లెం తనే కడుక్కోవాలి. విదేశంలో రూమ్‌మేట్‌తో ఎలా నెగ్గుకొస్తాడో ఆ వారంలోనే తెలిసిపోతుంది. ప్రతి ప్రయాణంలో రోజుకొక పేజీ రాయమనండి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మన హైదరాబాద్ మీదుగా పోయిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ స్నేహితుడికి రాసుకుంటూ పోయాడు. ఏ ఊళ్లో ఏది దొరుకుతుంది, ఏరు ఎట్లా దాటాలి, మనుషులెలా ఉన్నారు, అన్నీ. రాసుకునే పిల్లలు తమ భయాన్ని కూడా చూసుకోగలుగుతారు. వాళ్లు రాసుకున్న పుస్తకం అడిగి చదవకండి. చూపిస్తే చూడండి.

అమ్మాయిల విషయంలో మన గొంతు మారిపోతుంది. "పెళ్లయ్యాక నీ ఆయనతో తిరుగు" అనే మాట మన ఇళ్లలో ప్రేమతోనే అంటాం. వినేవాళ్లకు మాత్రం, నువ్వింకా నీ సొంతం కాదు అన్నట్టు వినిపిస్తుంది. ఒక తల్లి నా ముందే కూతురితో "ఎమ్మెస్‌కైతే పంపుతం, ఒక్కదానివి రైలెక్కుతానంటే మాత్రం కాళ్లు విరగ్గొడతా" అంది. కూతురు నవ్వింది, తల్లీ నవ్వింది. నేను ఆ తల్లిని "అమ్మా, ఎమ్మెస్‌కు పోయినచోట రైలు ఎవరెక్కిస్తారు?" అని అడిగాను. ఆమె భయం అబద్ధం కాదు. వీధులు ఎట్లా ఉన్నాయో ఆమెకు తెలుసు. అందుకే పగటి రైలు, లేడీస్ హాస్టల్, తెలిసిన ఇంటి చిరునామా ఒకటి, ఆపదలో 112కు ఫోన్ చేయడం, ఇవన్నీ పక్కన కూర్చుని నేర్పాలి. భయాన్ని నిషేధంగా చెబితే పిల్ల అబద్ధం చెప్పి పోతుంది. స్నేహితురాలి ఇంట్లో ఉన్నానని చెప్పి వెళ్లిన పిల్లకు ఆపద వస్తే, ఎక్కడుందో మనకు తెలియను కూడా తెలియదు.

చదువా, ప్రయాణమా అని పిల్లల్ని ఒకటి తేల్చుకోమనడం కూడా అన్నిసార్లూ అవసరం లేదు. ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ కోర్సుల్లో కనీసం రెండు దేశాల్లో చదవాలి, స్కాలర్‌షిప్పు వచ్చినవాళ్లకు నెలకు 1,400 యూరోలు ఇస్తారు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. మన తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్, ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి కింద 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. ఆదాయ పరిమితి ఉంటుంది, పోటీ ఉంటుంది, సమయం పడుతుంది. అయినా ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఈ తలుపులన్నీ తట్టి చూడాలి. పిల్లవాడి చేతే తట్టించాలి. దరఖాస్తు తనే నింపుకోలేనివాడు ఇంకా వెళ్లడానికి సిద్ధంగా లేడని అర్థం. కన్సల్టెన్సీ నింపిపెడితే ఆ సంగతి మనకు తెలియకుండా పోతుంది.

మన బస్తీలో ఇంకొక గొప్ప వనరు ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. బార్కస్‌లో, హఫీజ్‌బాబానగర్‌లో గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన పెద్దలు ప్రతి గల్లీలో ఉన్నారు. మొదటి రంజాన్ ఇంటికి దూరంగా ఎట్లా గడిచింది, జ్వరమొచ్చినప్పుడు ఎవరు చూశారు, డబ్బు పంపుతూ ఇంటికి ఏమేమి చెప్పలేదు, ఇవన్నీ వాళ్లకు తెలుసు. మీ పిల్లవాణ్ని ఒక సాయంత్రం అలాంటి చాచా దగ్గర కూర్చోబెట్టండి. మనం పక్కన ఉండకూడదు. అమెరికా గురించి ఆయనకు తెలియకపోవచ్చు. దూరంగా ఉండటం గురించి ఏ కౌన్సెలర్‌కూ తెలియనిది ఆయనకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరున చెబుతున్నాను. చదువుకైనా, తిరగడానికైనా, పిల్లలు వెళ్లేముందు మనం ఒక మాట నోరు తెరిచి చెప్పాలి. "నీకు అక్కడ పడకపోతే తిరిగి రా. ఎందుకొచ్చావని ఈ ఇంట్లో ఎవరూ అడగరు." మనసులో ఉంటే చాలదు. వాళ్లకు వినపడాలి. తండ్రి నోటినుంచి వినపడాలి, ఎందుకంటే అప్పు సంతకం ఆయనది. బండ్లగూడ నుంచి వచ్చిన ఆ తండ్రితో ఇదే అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అంత అప్పు చేసి, తిరిగి రమ్మని నేనే ఎట్లంట సార్?" అన్నాడు. నిజాయితీ ఉన్న ప్రశ్న. నేనిచ్చిన జవాబు ఒకటే: ఆ మాట అనగలిగినంత అప్పే చేయండి. పిల్లవాడు ఓడిపోయి వచ్చినా మనం తీర్చగలిగేంత. అంతకు మించితే యూనివర్సిటీ మార్చండి, దేశం మార్చండి, లేదా ఏడాది ఆగి ఇక్కడ పనిచేసి కొంత కూడబెట్టుకుని వెళ్లమనండి. ఇరవై రెండేళ్లవాడికి ఒక ఏడాది పోతే పోయేదేమీ లేదు. ఉస్మానియాలో, సెంట్రల్ యూనివర్సిటీలో మంచి పీజీ కోర్సులున్నాయి, అవి ఓడిపోయినవాళ్ల చోట్లు కావు.

వచ్చే ఏడాది ఆగస్టు ఇన్‌టేక్‌కు చాలా యూనివర్సిటీలు డిసెంబరు నుంచి దరఖాస్తులు ముగిస్తాయి. అంతకు ముందే దసరా సెలవులు వస్తాయి. ఫీజు కట్టే ముందు ఆ సెలవుల్లో ఒక ప్రయాణం చేయించండి. తిరిగొచ్చిన రోజు ఏమీ అడగకండి, అన్నం పెట్టి పడుకోనివ్వండి. రెండు మూడు రోజులు పోయాక తనే మాట్లాడతాడు. అప్పుడు ఎమ్మెస్ ఫైలు తీసి, అందులో కాగితాలు ఒక్కొక్కటీ మీరు కాకుండా తననే వివరించమనండి. అప్పు కాగితం దగ్గర తన చెయ్యి ఆగితే, మీరు కూడా అక్కడ ఆగి "ఏమనిపిస్తోంది?" అని అడగండి.